అలల ముందరి మంచు

“ఆ సంచి నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?” బాలకుమారి మూడోసారి అడిగింది.

“ఎవరూ తియ్యక్కర్లేదు,” అంది జెస్లిన్, సోఫాలోంచి కదలకుండా.

“గుమ్మానికడ్డంగా దున్నపోతులా పడుందమ్మా. పొద్దున కాలు తగిలి పడబోయాను.”

“చూసుకుని నడవండి.”

“అమ్మా, వదిలెయ్. తన సంచి, తనిష్టం,” అన్నాడు క్రిస్టో లాప్‌టాప్‌లోంచి తలెత్తి. కెనడాలో, మార్కమ్‌లోని ఆ ఇంట్లో అత్తాకోడళ్లకి మాటామాటా వచ్చినప్పుడల్లా అతను భార్య పక్షమే.

ఎర్ర సంచి. లోపల మంచులో వేసుకునే బూట్లు, కోటు, ఉన్ని మేజోళ్లు. వాటితో జెస్లిన్ నిన్న ఎల్స్‌మియర్ దీవికి బయల్దేరాల్సింది. కెనడా ఉత్తరపు కొసన, తీరం నుంచి సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన మందపాటి మంచు పలక ఉందక్కడ. అలలు తగిలినప్పుడు ఆ పలక ఎంత వంగుతుందో కొలిచే పరికరాలు తను స్వయంగా తయారుచేసింది. ఆ కొలతలు చేతికొస్తే వాంకూవర్‌లో పర్మినెంట్ ఉద్యోగం.

“వాంకూవర్ అయితే ఏంటి? నా ఆఫీసు వదిలేసి నీ వెనకే వచ్చేస్తా,” అనేవాడు క్రిస్టో.

వారం ముందు టీమ్ లీడర్ హెలెన్ నుంచి కబురొచ్చింది. జెస్లిన్‌కి మూర్ఛ వస్తుందని తెలిసిందట. స్పెషలిస్టు క్లియరెన్స్ లేకుండా విమానం ఎక్కించరు. క్లియరెన్స్ తెచ్చుకునే వ్యవధి లేదు. ఆమె చోట ఇంకెవరో వెళ్లిపోయారు.

మూర్ఛా లేదు, మన్నూ లేదు. గుడ్ ఫ్రైడే రోజు చర్చిలో, ఏడు మాటల కూడికలో, ఉపవాసంతో నిలబడీ నిలబడీ ఒక్కసారి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ వారమే బాలకుమారి చర్చివాళ్ల తెలుగు ఫెలోషిప్‌లో లేచి నిలబడింది. “మా కోడలు పడిపోయిందండీ. మంచులోకి వెళ్తోంది. ప్రార్థన చెయ్యండి.”

“ఇంకెవరు చేరేస్తారు?” అన్నాడు క్రిస్టో, కబురొచ్చిన రోజున. “ఫెలోషిప్‌లో సగం మంది యూనివర్సిటీలో పనిచేసేవాళ్లే. అమ్మ ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టిందంటే మైకులో అనౌన్స్ చేసినట్టే.”

బాలకుమారి కొడుకు ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. “నా నోరే మంచిది కాదు,” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచీ జెస్లిన్ ఆమె వండింది తినడం లేదు.

కోపం కన్నా నొప్పి ఎక్కువ. తన పని గురించి ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుందంటే ఈ అత్తతోనే. ఒకసారి వంటింట్లో నిలబడి చెప్పింది.

“ఆ పలక ముందు సముద్రం పైపైన గడ్డకడుతుంది అత్తయ్యా. పల్చగా. అలల పోటంతా దాని మీదే పోతుంది. అది కరిగిపోయిందా, అలలు తిన్నగా వచ్చి వెనకున్న పలకని వంచి వంచి విరిచేస్తాయి.”

బాలకుమారి స్టవ్ మీద చల్లారిన పాలగిన్నె కదిపి చూసింది. “మీగడ కట్టాక పాలు తొణకవు. అలాగా?”

“అచ్చం అలాగే!”

“పాపం, పల్చటిదే దెబ్బలన్నీ తినాలన్నమాట.”

అంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి! సంచి సర్దుతుంటే పక్కన కూర్చుని ఊరగాయ సీసా పేపర్లో చుట్టి ఇచ్చిన మనిషి!

“ఇలా రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఎంతకాలం జెస్?” అన్నాడు క్రిస్టో, సంచి గొడవైన సాయంత్రం. “మనిద్దరం వేరే వెళ్లిపోదాం. అమ్మ మా తమ్ముడి దగ్గరుంటుంది.”

జెస్లిన్ తలూపింది. రెండు గదుల ఇల్లు ఒకటి చూసి, తన పేరు మీదే మాట్లాడేసింది.

శుక్రవారం శిబిరం నుంచి హెలెన్ శాటిలైట్ ఫోన్ చేసింది. పరికరాల్లో ఒకటి స్టార్ట్ అవడం లేదు. ముందున్న పల్చటి మంచు తెగిపోయింది, అలలు మొదలయ్యాయి, ఏం చెయ్యాలి? ఏ స్విచ్ ముందు నొక్కాలో జెస్లిన్ చెప్పింది. పరికరం పనిచేసిందని విన్నాక, మూర్ఛ సంగతి ఎవరు చెప్పారని అడిగింది.

హెలెన్ చెప్పింది.

జెస్లిన్ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఎవరిదో క్రిస్టోకి తెలియలేదు.

“ఇప్పుడు గొడవెందుకు జెస్?” అన్నాడు తలుపు ఇవతలి నుంచి. “ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా!”

ఆదివారం చర్చి అయ్యాక క్రిస్టో తమ్ముడు కెన్నీ పక్క ఊరు వాన్ నుంచి వచ్చాడు. నలుగురూ టేబుల్ దగ్గర కూర్చున్నారు.

“వదినా, చేపల పులుసు ఇవాళే తినెయ్,” అన్నాడు కెన్నీ వడ్డించుకుంటూ. “వచ్చే నెల నుంచి అమ్మ నా ఏరియా. నీకు మా అన్న వండే పాస్తానే గతి.”

బాలకుమారి పళ్లెంలోంచి తలెత్తలేదు.

“అమ్మా, బాధపడకు,” అన్నాడు క్రిస్టో. “ఇది అందరి మంచికే. జెస్, ఇల్లు మారే సంగతి నువ్వే చెప్పు.”

జెస్లిన్ మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

“నాకు మూర్ఛ ఉందని హెలెన్‌కి ఫోన్ చేసింది నువ్వేనట క్రిస్టో, అందుకని వచ్చే నెల ఆ ఇంట్లోకి వెళ్లేది నేనూ, అత్తయ్యా.”