నత్త చీటీ

“దేవమ్మా, ఇదేందో నిజంగనే నీకు తెల్వదా?”

అనంతరామయ్య పంతులు అరచెయ్యి చాపాడు. అందులో ఒక నత్త ఉంది. నాటు వేస్తున్న దేవమ్మ నడుమెత్తి, దాన్ని పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనట్టు చూసింది.

“తెల్వదయ్యా.”

“ఆండాలూ, నీకు?”

“నాకేమెరుక పంతులు. ఏదో పురుగు గావచ్చు.”

వరసలో ఉన్న పదిమంది ఆడవాళ్ళూ మళ్ళీ బురదలోకి వంగారు. పంతులుకు ఒళ్ళు మండిపోయింది. మిర్యాలగూడ సర్కారు బడికి సెలవు పెట్టి, బండి కట్టించుకుని నేరేడుచర్ల పక్కనున్న ఈ ఊరికి వచ్చి మూడు రోజులైంది. అది నలభై ఏడు, ఆషాఢం. సూర్యాపేటలో కొందరు పెద్దలు నిఘంటువు కూరుస్తున్నారు. పల్లె మాటలు ఏరి చీటీల మీద రాసి పంపడం ఆయన పని. ఆయన పంపిన ‘నత్త’ చీటీ తిరిగొచ్చింది. నెమ్మదిగా నడిచే ప్రాణి అని రాస్తే చాలదు, ఆ ముక్క బడిపిల్లలకూ తెలుసు. అర్థం, పొలం పనివాళ్ళ వాడుక, ఆ మాట పుట్టుక, మూడూ కావాలని దాని మీద ఎర్ర సిరాతో రాశారు. నెలాఖరుకు ‘న’ అక్షరం అచ్చుకు పోతుంది.

పన్నెండేళ్ళలో ఆయన చీటీ ఒక్కటి వెనక్కి రాలేదు. ఒక్క తప్పు అర్థం రాయలేదని ఆయనకు గొప్ప. ఇప్పుడు వెధవ నత్త దగ్గర పరువు పోయేట్టుంది.

అడగని మనిషి లేడు. నాగలి దున్నే మట్టయ్య అయితే నిన్నటిదాకా లేని చెవుడు తెచ్చుకున్నాడు.

“తెల్వదంటే ఎట్ల నమ్మాలె? మీ గుడిసెల ఎనక గుల్లలు కుప్పలు పడి ఉన్నయ్. పొద్దుగాల నా కండ్లతోని చూసిన. వండుకుంటరా లేదా?”

ఆడవాళ్ళ చేతులు నాటు ఆపలేదు.

పంతులు విసురుగా గట్టు మీదికి నడిచి, అక్కడున్న గంప మీది మోదుగాకులు లాగిపారేశాడు. గంపలో సగం దాకా నత్తలు ఉన్నాయి. అడుగు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

“మరి ఇవేంది?”

దేవమ్మ చేతిలోని నారుకట్ట వదిలేసి గట్టెక్కింది. బురదకాళ్ళతో వచ్చి గంపకూ ఆయనకూ మధ్య నిలబడింది. గొడవ పెట్టుకుంటుందేమో అనుకున్నాడు. ఆమె మాత్రం గొంతు తగ్గించింది.

“అయ్యా, ఎండాకాలం కోతలప్పుడు వచ్చినవ్. గప్పుడు మమ్ముల ఏమడిగినవో యాదికున్నదా?”

“శానా అడిగిన.”

“ఎలుక బొక్కల ముచ్చట అడిగినవ్. కోతలైనంక బొక్కలు తవ్వి, ఎలుకలు దాసుకున్న వడ్లు తెచ్చుకుంటమని సంబరంగ చెప్పినం. నువ్వు గూడ సంబరంగనే రాసుకున్నవ్. ఆ కాయితం ఎవలు చదివిన్రు?”

పంతులుకు చిన్నదొర గుర్తొచ్చాడు. ఈ ఊరు వస్తే ఆయన దిగేది ఊరి భూములన్నీ ఏలే దొర కోటలాంటి ఇంట్లో, గడిలోనే. చిన్నదొర హైదరాబాదులో చదువుకుని, తండ్రి పోయాక నిరుడే వచ్చినవాడు. బురదలో కాలు పెట్టి ఎరగడు. రోజూ సాయంత్రం పంతులు చీటీలు తీసుకుని చదివేవాడు. ఈ కాలపు కుర్రవాడికి తెలుగు మీద ఎంత ప్రీతి అని పంతులు మురిసిపోయేవాడు.

“తెల్లారి దొర మనుషులు గడ్డపారలు పట్టుకొని వచ్చిన్రు,” అంది దేవమ్మ. “ఒక్క బొక్క ఇడ్వలేదు. ఎలుకలన్న మాకింత మిగిలిచ్చినయ్, నీ కాయితం గది గూడ మిగల్నియ్యలే. ఇగ ఈ నాట్లయ్యేదాక మా పొయ్యి మీదికి ఎక్కేటివి గివే. గివి గూడ రాసుకపోతవా?”

పంతులు చేతిలో నత్త ఇంకా అలాగే ఉంది. మూడు రోజులుగా ఈ ఆడవాళ్ళ మీద పెంచుకున్న కోపం ఎక్కడ దించుకోవాలో ఆయనకు తెలియలేదు. నత్తను గంపలో వేసి, ఆకులు తిరిగి కప్పి, సిగ్గుతో తలెత్తకుండా నడిచాడు.

గడికి వచ్చి చీటీ ముందు పెట్టుకున్నాడు. రాయకపోతే దొర అడుగుతాడు. నత్త నత్త అని ఆయన తిరగడం ఊరంతా చూసింది. రాస్తే దొర చదువుతాడు. కలం సిరాలో ముంచాడు. అది ఆరిపోయింది. మళ్ళీ ముంచాడు. పన్నెండేళ్ళుగా తప్పు రాయని చెయ్యి మొరాయించింది. తిట్టుకుంటూ రాశాడు.

పొద్దు వాలకముందే చిన్నదొర వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఏం పంతులూ, దొరికిందా నీ నత్త? మనకేమన్న పనికొస్తదా అది?”

పంతులు చీటీ అందించాడు. చిన్నదొర పైకి చదివాడు.

“నత్త. అర్థము: వరిమళ్ళలో తిరుగు విషపురుగు. వాడుక: ఏమియు లేదు, ఇది పాకిన పంట తిన్నవారికి ప్రాణభయము. పుట్టుక: బురద.”

చిన్నదొర ముఖం మాడిపోయింది. కాగితం మీద ఉన్న మాటను అతను ఎన్నడూ అనుమానించలేదు.

“నా మళ్ళల్ల గివి ఉన్నయా?”

“గంపల కొద్ది ఉన్నయి దొరా.”

చిన్నదొర అక్కడి నుంచే జీతగాడు జంగయ్యను కేకేశాడు. “కూలోళ్ళందరికి చెప్పు. రేపటి సంది రోజూ నాటు కంటె ముందు మళ్ళన్ని దేవి నత్తలు ఏరాలె. ఒక్క నత్త కనపడ్డా ఒక్కొక్కని తోలు తీస్త.” తర్వాత పంతులు వైపు తిరిగాడు. “ఏరినయన్ని యాడ పారబోయాలె?”

కూలోళ్ళ గుడిసెల్లోనే ఉండే జంగయ్య పంతులు వైపు చూశాడు. పంతులు కళ్ళజోడు తీసి నింపాదిగా తుడుచుకున్నాడు.

“గడి దిక్కు మాత్రం రానియ్యకండి దొరా. ఎవలు ఏరినయి వాళ్ళ గుడిసెలకే ఎత్తుకపొమ్మనండి.”