ఐలవ్వ తిట్లు

"ఒచ్చినవా? తిండి యాల్లకు మాత్రం యాడున్నా ఒస్తవు! సిగ్గులేని బతుకు!"

ఐలవ్వ గొంతు వాగు అవతలికి వినిపించింది. కొమురెల్లి సైకిలును గుడిసె ముందు పడేసి పెరట్లోకి ఉరికాడు. అప్పటికే ఆలస్యమైంది. నల్లమద్ది కొమ్మ మీది నుంచి దిగిన జుట్టుగద్ద, కోడిపిల్లను కాళ్ళకు ఇరికించుకుని మళ్ళీ చెట్టెక్కేసింది. ఐలవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ పైకెత్తి, దాన్ని ఉతికి ఆరేస్తోంది.

"ఒక్కనాడన్న ఇల్లెట్లున్నదని అడిగినవా? తినుడు, పోవుడు! నీ నోట్ల మన్ను వడ!"

"చిన్నమ్మా, నీకు దండం పెడుత, మెల్లగ! అది బెదిరి పోయిందంటే ఈ అడివి పోతది!"

"పోతే పోనియ్యి! పోవుడు దానికి కొత్తనా?"

కొమురెల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అతను ఫారెస్టు గార్డు. నిరుడు బదిలీ మీద ఇక్కడికి వచ్చాడు. గోదావరిఖని బొగ్గుబాయిల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టడానికి కర్ర కావాలి. కాంట్రాక్టరు లింగమూర్తి ఆ పేరు చెప్పి అడవికి గుండు కొట్టించాడు. మిగిలింది ఐలవ్వ గుడిసె వెనకాల ఉన్న ఈ తునక ఒక్కటే. దీన్నీ వదిలేవాడు కాదు. అయితే హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన దుర్భిణిలో ఈ గద్దను చూసి ఎగిరి గంతేశాడు. అడవి జంతువుల్నీ పక్షుల్నీ కాపాడే కొత్త చట్టంలో ఇది మొదటి జాబితాలో ఉందన్నాడు. చుట్టుపక్కల అడవుల్లో ఈ జాతి తుడిచిపెట్టుకుపోయిందన్నాడు. ఇది ఇక్కడ ఉన్నన్నాళ్ళు ఒక్క చెట్టు మీద గొడ్డలి పడకూడదని హుకుం ఇచ్చి పోయాడు.

అంటే ఇది లేచిపోతే మర్నాడే గొడ్డళ్ళు దిగుతాయి. ఇంత చిన్న సంగతి ఈమె బుర్రకెక్కదేం? మొగుడు ఆగయ్య బాయిలో పోయినప్పటి నుంచి ఆమె నోరు ఇట్లా అయిందని ఊళ్ళో అంటారు. అయితే మాత్రం? బాయిలో మనిషి పోతే పిట్టదా తప్పు?

"కోళ్ళను గంప కింద కమ్మితే నీ సొమ్మేం పోతది?" అని అరిచాడు.

"నా కోళ్ళు, నా ఇష్టం! నువ్వెవడివిరా చెప్పెటందుకు?"

"రాయి గిట్ట ఇసిరినవనుకో, జైల్ల పెడుతరు. అది మొదటి జాబితాల ఉన్నది, ఎరుకేనా?"

"ఉండనియ్యి! బాయిల పోయినోళ్ళు ఏ జాబితాల ఉన్నర్రా?"

కొమురెల్లికి ఇంకా ఒళ్ళు మండింది. సైకిలు లేపి, బెల్లు మీద కసి తీర్చుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తిరగకముందే భయపడ్డంతా జరిగింది. వాగు గడ్డన లింగమూర్తి జీపు ఎదురొచ్చి ఆగింది. లింగమూర్తి తల బయటపెట్టి పళ్ళికిలించాడు.

"జవాన్ సాబ్, ఇగ నీకు కావలి డ్యూటీ తప్పింది. నీ గద్దకు నూకలు చెల్లినయి."

"ఏం చేసినవ్?"

"నేనేం చెయ్యలే. ఐలవ్వకు ఎండ్రిన్ పురుగులమందు సీసా ఇచ్చొచ్చిన. కోడికి పూసి పెరట్ల పెట్టుమన్న. మారుమాట లేకుంట తీస్కున్నది. పిట్ట మీద దానికి నాకన్న ఎక్కువ కసి ఉన్నది!"

ఆ నవ్వు చూసి కొమురెల్లికి వాడి గల్లా పట్టి రోడ్డు మీదికి ఈడ్వాలనిపించింది. కానీ దానికిప్పుడు తీరిక లేదు. సైకిలెక్కి గుడిసె దాకా రొప్పుకుంటూ తొక్కాడు.

ఐలవ్వ పెరట్లో ఉంది. చేతిలో కోడిపిల్ల. కాళ్ళ దగ్గర సీసా. అది ఖాళీగా ఉంది.

కొమ్మ మీద గద్ద లేదు.

"చంపినవా?" కొమురెల్లి గొంతు చించుకున్నాడు. "ఏం పాపం చేసిందే అది నీకు? కోడిపిల్లల కోసం దాని పానం తీసినవా? నువ్వు మనిషివేనా?" ఆమె భుజాలు పట్టి ఊపేశాడు.

చెంప ఛెళ్ళుమంది. అతను రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"నోరు ముయ్యి!" ఐలవ్వ మీది మీదికొచ్చింది. "నేను తీస్కోకపోతే ఆ లంగగాడు ఇంకోని చేతికిస్తడు. అందుకే తీస్కున్న. అగో, ఆ మూలకు గుంత తవ్వి గుమ్మరించిన. నేను మందు పెడుతనారా? నేను?"

చెట్లవతల రెక్కల చప్పుడైంది. గద్ద వచ్చి నల్లమద్ది మీద వాలింది. ఐలవ్వ వంగి కోడిపిల్లను నేల మీద వదిలింది. గద్ద కిందికి దిగి, ఆమెకు మూరెడు దూరంలో దాన్ని తన్నుకుని లేచింది. ఆమె కదల్లేదు, ఉలకలేదు.

"తిను తిను! అందరి ఉసురు పోసుకొని తిను!" అని దాని వెనకాలే అరిచింది.

కొమురెల్లి చెంప పట్టుకుని నోరెళ్ళబెట్టాడు. "మరి గింత మంచిగ పెట్టేదానివి, దినాం గన్ని తిట్లు ఎందుకే చిన్నమ్మా?"

ఐలవ్వ కొంగుతో ముక్కు చీది అతని మీదికి గుడ్లురిమింది.

"తిట్టకుంట ముద్దు పెట్టుకోవాల్నారా? బాయిల పోయిన మనిషికి మూడొద్దులనాడు పిట్టకు కూడు పెట్టి పొద్దుగూకేదాక కూసున్నా ఒక్క కాకి గూడ వచ్చి ముట్టలే, ఆఖరుకు గా కొమ్మ మీదికెల్లి దిగొచ్చి తిన్నది మీ ఆగయ్య కాకనే!"