రవంత బేస్ పెంచండి

ఆఫీసులో ఎవరూ తన వైపు చూడటం లేదని నిర్ధారించుకుని, రాజకుమారి వీరాస్వామి పేరుతో మెయిలు రాయడం మొదలుపెట్టింది.

"శ్యాంసుందర్ గారూ, మాది రాజోలు. జురాంగ్ ఈస్ట్‌లో ఉంటాను, షిప్‌యార్డులో వెల్డర్‌ని. పోయిన వారం మీ షో మా రూములో అందరం విన్నాం. రెండో గంటలో రవంత బేస్ పెంచండి."

పంపించేసి, దొంగతనం చేసినదానిలా గబగబా మెయిలు మూసేసింది. వీరాస్వామి అనే మనిషి లేడు. అంతకు ముందు వారం రాసిన లీలావతి ఆంటీ కూడా లేదు.

శ్యాంసుందర్ ఆమె భర్త. ఒక తెలుగు నెట్ రేడియోకి వారానికో షో చేస్తాడు. నాలుగు గంటల షో. పాత డిస్కో, డీప్ హౌస్. డీప్ హౌస్ అంటే డిస్కోకి నెమ్మదస్తుడైన తమ్ముడనుకోండి. గంతులు వేయించదు, కూర్చున్నచోటే తల ఊపిస్తుంది. ఆ రేడియోలో తక్కినవాళ్లంతా భక్తిగీతాలూ వంటల కబుర్లూ చెప్పుకుంటుంటే మన శ్యాంసుందర్‌ది ఈ గోల.

ఒక పాట ఎక్కడ అయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియకూడదంటాడు. అందుకోసం ఒక చెవి హెడ్‌ఫోన్‌లో, ఒక చెవి బయట పెట్టుకుని వారమంతా పాటలు ఏరుతాడు. తీరా తయారయ్యాక తన షో తను వినడు. వింటే తప్పులే వినబడతాయట.

వారమంతా ఏరడానికి తీరికెక్కడిదంటే, ఉద్యోగం పోయింది. అంతకు రెండేళ్ల ముందు ఇంటర్నెట్ అన్నవాడికల్లా పిలిచి కుర్చీ వేసిన ఆ పరాయి దేశపు ఊరే, ఆ ఏడాది ఆ కుర్చీలన్నీ లాగేసుకుంది. అప్పట్నుంచి అతను గడ్డం గీసుకోవడం మానేశాడు. టాంపినీస్ ఫ్లాట్లో కర్టెన్లు కూడా తీయనిచ్చేవాడు కాదు. ఆదివారం మాత్రం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు కూర్చునేవాడు.

"రేడియోలో గడ్డం ఎవరికి కనపడ్తాదండీ?" అంది ఆమె ఒకసారి.

"వినపడుద్ది రాజీ," అన్నాడు.

ఆ ఆదివారమే మనిషిని నిలబెడుతోందని ఆమెకి తెలుసు. అందుకే జనార్దనరావు చెప్పమన్నది చెప్పలేకపోయింది.

జనార్దనరావు ఆ రేడియో నడిపే మనిషి. తంజోంగ్ పగార్‌లో ఆమె ఆఫీసు పక్క సందులోనే అతని గది. శ్యాంసుందర్ రికార్డు చేసిన సీడీలు సోమవారం ఆమే పట్టుకెళ్లి ఇచ్చేది. దీపావళి వెళ్లిన సోమవారం అతను తలెత్తకుండా అన్నాడు.

"ఇంక వినేవాళ్లెవరూ లేరు చెల్లెమ్మా. శ్యాంకి చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. నువ్వే చెప్పు."

ఆమె చెప్పలేదు. ఆ వారమే లీలావతి ఆంటీ పుట్టింది.

ఆంటీ మెయిలు చదివిన రోజున శ్యాంసుందర్ మారు వడ్డించుకుని తిన్నాడు. రాజకుమారి అతనికి ఇంకో గరిటె చారు పోసింది. కట్టుకున్నవాణ్ణి అబద్ధాలతో బతికిస్తున్నానే అని కుమిలిపోయింది. అయినా మరుసటి వారం వీరాస్వామి పుట్టాడు. సోమవారం సీడీలు బ్యాగులో పెట్టుకుని రైలెక్కడమూ మానలేదు.

మధ్యలో ఒకసారి మధ్యాహ్నం భోజనానికి వెళ్లిన హాకర్ సెంటర్లో జనార్దనరావు ఎదురుపడ్డాడు.

"చెప్పావా?"

"చెప్తాలే అన్నా."

"ఎన్నాళ్లు దాస్తావమ్మా? ఎవరో ఒకరు అనేస్తారు. బయటివాళ్ల నోట వింటే ఇంకా కుంగిపోతాడు."

ఆ సాయంత్రమే చెప్పేద్దామనుకుంది. ఇంటికి వెళ్లేసరికి శ్యాంసుందర్ కర్టెన్లు తీసి కూర్చున్నాడు.

"వీళ్లిద్దరూ నిజంగా వింటున్నారంటావా రాజీ?" అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

"వినకుంటే యాల రాస్తారండీ?"

అంత సులువుగా అబద్ధం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం గది తలుపు మూసి ఉంది. రాజకుమారి వంటింట్లో చారు కలుపుతోంది. షో సగంలో వచ్చిన ఉత్తరాలు చదవడం శ్యాంసుందర్‌కి అలవాటు. పాట నెమ్మదించి, అతని గొంతు వినిపించింది.

"జురాంగ్ ఈస్ట్ నుంచి వీరాస్వామి గారు. మా రాజోలు వారేనట. రవంత బేస్ పెంచమంటున్నారు." పాటని ఇంకాస్త తగ్గించాడు. "నేను రాజోల్లో పుట్టి పెరిగినవాణ్ణండి. మా వైపు 'కాస్త' అంటాం. 'రవంత' అన్నవాణ్ణి మా ఊళ్లో ఇంతవరకూ చూళ్లేదు."

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు ప్రొద్దుటూరు. పెళ్లయిన కొత్తలో ఆమె 'రవంత ఉప్పు' అంటే చాలు, ఇతను పడీ పడీ నవ్వేవాడు. ఊరు మార్చింది, పేరు మార్చింది, వెల్డర్ని కూడా చేసింది. నోట్లో మాట మార్చడం మర్చిపోయింది.

తర్వాతి పాటకి బేస్ పెరిగింది. స్టీలు గిన్నెలు సన్నగా మోగాయి. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని గది దాకా వెళ్లింది. అంతా చెప్పేయాలి. తప్పైపోయిందని కాళ్ల మీద పడాలి. రేపట్నుంచి ఆయన ఆదివారం కూడా గడ్డం గీసుకోకపోతే ఆ పాపం తనదే.

రికార్డింగ్ జరిగేటప్పుడు తలుపు తట్టకూడదు. గోడకి ఆనుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు ఆగడం లేదు. పాట మీద పాట జారుకుంటూ పోయి, చివరికి మళ్లీ మైకు అందుకున్న చప్పుడైంది.

"ఈ ఆఖరి పాట," అన్నాడు శ్యాంసుందర్ తీరిగ్గా, "పోయిన దీపావళికే మూతపడిన మన రేడియోని ఇప్పటికీ రవంతైనా విసుక్కోకుండా వింటున్న ఒకే ఒక్క శ్రోతకి."