అక్క తెచ్చిన పెట్టె

"ఖాళీ పెట్టె అడిగితే నిండుగా తెచ్చావేంటక్కా!" నవ్వుతూ చెల్లెలు మూత తెరిచింది.

"పలచటి నూలు చీరలే పెట్టాను. వేసవి మొదలే అయినా ఆ మధ్యధరా ఊళ్లో ఎండ మాడ్చేస్తుందటగా," అంటూ అక్క గోడవారగా చూసింది. చెల్లెలి భర్తదీ కూతురిదీ రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. "టికెట్లు ఎన్ని తీశారే?"

"మూడు..."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. "నువ్వూ రాకూడదా అక్కా" అని మొన్న ఫోనులో మాటవరసకు అన్నది తనే.

"మూడే కదా మరి! నాకెందుకే ఈ వయసులో సముద్రాలు? ఇవన్నీ నీకే, కట్టుకో," అంది అక్క గబగబా.

చీరలు ఎత్తబోతే అడుగున మోకాళ్ల నొప్పుల నూనె సీసా చేతికి తగిలింది. చెల్లెలు చూడనట్టే పైన చీర కప్పేసింది.

"రంగులు బాగున్నాయక్కా," అంది, తలెత్తడానికి ముఖం చెల్లక.