భిన్నాల పాఠం

గోవర్ధన్ సారుకు పొద్దున్నే అరికాలి మంట నెత్తికెక్కింది.

యూనివర్సిటీ వాళ్లొచ్చే రోజే ఎవరో ముసలాయన పెద్దారవీడు బడి గేటు తోసుకుని లోపలికొస్తున్నాడు. చేతిలో గిన్నె, గిన్నెలో తేనెపట్టు. చుట్టూ ఈగలు.

"ఏయ్! ఇది బడా, సంతా?"

"పిలకాయలు రమ్మన్నారు నాయనా."

"వాళ్లు రమ్మంటే వచ్చేయడమేనా? ఆఫీసర్లు వస్తాండారు. నడువు బయటికి!"

"రొంతసేపు కూర్చోని పోతాలే సామీ."

"చెప్తుంటే నీక్కాదూ!"

సారు గిన్నె లాక్కుని గేటవతల పెట్టాడు. ముసలాయన్ను రెక్క పట్టుకుని బయటికి తోసి, గడియ వేశాడు. ఆయన గిన్నె తీసుకుని కొండదారి పట్టాడు.

పదకొండింటికి యూనివర్సిటీ నుంచి పద్మజ మేడం వచ్చింది. లెక్కల పుస్తకం తిరగరాయడానికి యూనివర్సిటీ వాళ్లూ, మార్కాపురం చుట్టుపక్కల బళ్లూ కలిసి పనిచేస్తున్నాయి. ఆ మాటంటేనే సారుకు ఒళ్లుమంట.

"ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్తున్నా. మీరొచ్చి నాకు నేర్పేదేంది మేడం?"

"నేర్చుకుందామనే వచ్చాను సార్. నలభై బళ్లలో పరీక్ష పెడితే, భిన్నాలు తప్పు లేకుండా చేసింది మీ ఆరో తరగతి ఒక్కటే. ఆ పాఠం కొత్త పుస్తకంలో వేస్తాం, నేర్పినవాళ్ల పేరుతో సహా."

సారు మంట చప్పున చల్లారింది. పుస్తకంలో పేరు! ఉత్తమ ఉపాధ్యాయుడి అవార్డుకు మూడుసార్లు పెట్టుకుని, మూడుసార్లూ భంగపడ్డ మనిషాయె.

"రాసుకోండి మేడం. లవం పైన, హారం కింద..."

మేడం రాసుకోలేదు. జవాబు కాగితాలు తిరగేసి, ఆరో తరగతి పిల్లల్లోంచి లక్ష్మిని లేపింది.

"మూడు రొట్టెలు నలుగురికి పంచమంటే, అందరూ 'కోసినోళ్లే ఆఖరున తీసుకోవాల' అని రాశారు. ఏంటమ్మా అది?"

"వంకర కోస్తే చిన్నముక్క మనకే మిగుల్తది మేడం. అందుకని బాగా ఆలోచించి కోస్తాం. ఒక్కో రొట్టె నాలుగు ముక్కలు, తలా మూడు."

"ఎంత చక్కగా నేర్పారు సార్!"

సారు ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే, సిగ్గు విడిచేశాడు.

"అది నా పద్ధతే మేడం."

లక్ష్మి కూర్చోలేదు. ఆ పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి.

"మీ పద్ధతి కాదు సార్! కొండమింద తేనె పంచుకునేటోళ్ల పద్ధతి. ఆదివారాలు వాగు కాడ కూర్చోబెట్టి మాకు భిన్నాలు నేర్పిచ్చింది, పొద్దున మీరు బయటికి తోసిన ఆ తాతే."