ఎర్ర గుడ్డలోంచి నక్షత్రాలు

ఆ ఆదివారం పొద్దున గల్ఫ్‌లోని సత్వా బజారులో కుట్టు దుకాణం తెరిచేసరికి ఇలియాస్ చేతిలో ఉన్నవి రెండే. కుట్టి పెట్టిన మూడువందల సిరియా జెండాలు, వాటిని కుట్టిన తారిఖ్.

ఆ జెండాలు కుట్టమని చెప్పినవాడు ఫోన్ తీయడం లేదు. రాత్రికి రాత్రి డమాస్కస్‌లో ఏలినవాడు పారిపోయాడు. వీధుల్లో జనం ఊపుతున్నది వేరే జెండా. పైన ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. నడుమ రెండు పచ్చ నక్షత్రాల చోట మూడు ఎర్ర నక్షత్రాలు.

పక్క కొట్టు ఇస్త్రీ అయూబ్ పళ్లికిలించాడు. "ఏం భాయ్, ఇంక మసిగుడ్డలకే గదా నీ సరుకు!"

తారిఖ్‌ది సిరియానే. పదేళ్లలో పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగడు. ఒక జెండా తీసుకుని పై పట్టీ విప్పాడు. ఆకుపచ్చది అతికాడు. నడుమ కొత్త తెల్లగుడ్డ వేశాడు. విప్పిన ఎరుపులోంచే మూడు నక్షత్రాలు కత్తిరించాడు.

"కొత్తోళ్లని ఇంకా ఏ దేశమూ ఒప్పుకోలేదంట భాయ్. అప్పుడే కుట్టిస్తావా?" అన్నాడు అయూబ్.

"దేశాలు నిదానంగా ఆలోచిస్తాయిరా. నేనూ ఆలోచిస్తా కూర్చుంటే అద్దె నువ్వు కడతావా? యల్లా, కానియ్ తారిఖ్!"

మధ్యాహ్నం టీవీలో ఒక జైలు చూపించారు. నేలమాళిగ తలుపుని జనం సుత్తులతో బాదుతున్నారు. లోపల తమవాళ్లున్నారని ఏడుస్తున్నారు.

తారిఖ్ మిషన్ ఆపాడు. "ఎందుకు పగలగొట్టడం? తాళంచెవులు వంటగది వెనక మేకుకే ఉంటాయి."

ఇలియాస్ టీవీ వదిలి అతనివైపు తిరిగాడు. "నువ్వక్కడ ఉన్నావా?"

"నాలుగేళ్లు."

అంతే. మళ్లీ మిషన్ నడిచింది.

తెలివైన వ్యాపారి సరుకుతో పాటు కథ కూడా అమ్ముతాడు. సాయంత్రానికి లోపల గోడకి అరబ్బీలో అట్ట వేలాడింది: 'ఆ జైలు నుంచి బయటపడ్డవాడు కుట్టిన జెండా'. జనం ఎగబడ్డారు. ముసలివాళ్లు తారిఖ్ నుదురు ముద్దుపెట్టుకున్నారు. ఒక తల్లి అతని నోటికి ఖర్జూరం అందించింది. తారిఖ్ తలెత్తలేదు. పాపం, దెబ్బలు తిన్న మనిషి అనుకున్నాడు ఇలియాస్.

నాలుగో రోజుకి ఒక్క జెండా మిగిలింది. దానికోసం ఫైజా అనే సిరియా పంతులమ్మ షార్జా నుంచి వచ్చింది. అట్ట చదివి నిలబడిపోయింది.

"నేనూ అక్కడ రెండేళ్లున్నాను," అంది.

ఇలియాస్ పొంగిపోయాడు. మేకునీ తాళాలనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. చెబుతూనే మనసులో లెక్క చూసుకున్నాడు. ఎర్రగుడ్డ పీలిక కూడా మిగల్లేదు. అన్నిటికన్నా పెద్ద లాభం తారిఖే. రేపటినుంచి దుకాణంలో సగం వాటా వాడిది.

లోపల మిషన్ చప్పుడు ఆగింది.

ఫైజా జెండాని మడతపెట్టి మెల్లగా బల్లమీద వదిలేసింది.

"భాయ్, ఆ రెండేళ్లలో గది దాటిన ప్రతిసారీ ఖైదీలందరి కళ్లకీ గంతలు కట్టేవాళ్లు, మరి తాళాలు ఎక్కడ తగిలిస్తారో ఈయన ఎలా చూశాడు?"