గొట్టం కోసిన తుపాకీ

స్టేషన్‌లో పోలీసు ఆఫీసర్ టేపు తీసి తుపాకీ గొట్టం కొలిచాడు. మళ్ళీ ఒకసారి కొలిచి, పెదవి విరిచి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు తమ్ముడూ?" చిట్టెమ్మ అడిగింది.

ఆమె గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అందరూ 'బాబా' అని పిలిచే ముసలి కఫీల్ ఇంట్లో పనిమనిషి. గోడకి ఆనుకుని తల దించుకుని నిలబడ్డ అంజిబాబు ఆమె భర్త. కొండకింద ఉన్న కఫీల్ తోటకి కాపలాదారు. ఆఫీసర్ మాట ఆమెకీ, ఆమె మాట ఆఫీసర్‌కీ చేరవేయడానికి కఫీల్ డ్రైవర్ సనావుల్లా వచ్చాడు. కరీంనగర్ మనిషి.

"మేకలమీదికొచ్చే నక్కలను కొట్టనీకె పొడుగు తుపాకి ఉంటే ఫికర్ లేదట అక్కా. దానికి బాబాకు లైసెన్స్ ఉంది. గొట్టం ఇట్ల పొట్టిగ కోస్తే బట్టల కింద దాచేటిదైతది. కానూన్ల అది వేరే జాతట. ఆ లైసెన్స్ దీనికి చెల్లదట."

"మరి కోసినోళ్ళనీ?"

"సీదా లోపలికే."

కుర్చీలో కూర్చున్న కఫీల్ దగ్గి, నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పాడు. సనావుల్లా మొహం వికసించింది.

"అక్కా, బాబా మనోణ్ణి బచాయిస్తుండు! గొట్టం పాడైతే తనే ఎన్నడో కోయించిండట. కేసు తన మీద ఏసుకుంటుండు. పెద్దమనిషి, ఎట్లనో చూసుకుంటడు. అన్నను ఇప్పుడే ఇడిసిపెడ్తరు. ప్రతి శుక్రవారం తోటగదిల దుమ్ము దులిపేది నువ్వే గద, ఆఫీసర్ నిన్ను అడుగుతుండు. 'అవు, మొదటినుంచి పొట్టిదే' అను. ఖలాస్."

చిట్టెమ్మ భర్తవైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

వాళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయి నెల దాటింది. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న కూతురు శ్రీజ జ్వరంతో పోయిందని కబురు వచ్చిన రోజు చిట్టెమ్మ సంచి సర్దుకుంది. "ఇప్పుడెళ్తే మళ్ళీ రావడానికి కరోనాకి విమానాల్లేవే, ఇద్దరి పనీ పోద్ది" అని అంజిబాబు ఆమె చేతిలోంచి సంచి లాక్కున్నాడు. కూతుర్ని సాగనంపడం ఇద్దరూ ఫోనులోనే చూశారు. ఆ తర్వాత అతని ముందు కంచం పెట్టడమే తప్ప ఆమె పలకరించలేదు. ఆ సంగతి కఫీల్ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆమె పుస్తెల తాడు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. 'అంతర్వేది స్వామీ, నిజం చెప్పినా పాపమేనా?'

కళ్ళు తెరిచి ఆఫీసర్ వైపు తిరిగింది.

"పొట్టిది కాదు. పోయిన శుక్రవారం నేను తుడిచినప్పుడు నిండా పొడుగే. ఈయనే కోశాడు, నీళ్ళ పైపులు కోసే మిషనుతో."

సనావుల్లా ఆమె దగ్గరకి జరిగాడు. "అక్కా, సోచ్‌కే బోల్, ఆలోచించి చెప్పు. నీ పెనిమిటి!"

"ఉన్నదున్నట్టు చెప్పు."

సనావుల్లా గొణుగుతూ ఆఫీసర్‌కి ఏదో చెప్పాడు. అసలు మాట దాచేస్తున్నాడని చిట్టెమ్మకు అర్థమైంది. ఆఫీసర్ ముందుకు వెళ్ళి రెండు చేతులూ బారుగా చాచి తుపాకీ పొడవు చూపించింది. తర్వాత భర్తవైపు వేలు చూపించింది.

కఫీల్ నుదురు కొట్టుకున్నాడు. ఆఫీసర్ అంజిబాబుని ఏవో ప్రశ్నలు అడిగాడు. అంజిబాబు నేలనే చూస్తుంటే, ఆఫీసర్ సనావుల్లా వైపు తిరిగాడు.

"అన్న తన కొత్త దుప్పటి, ఫోను దోస్తుకు ఇచ్చేసిండట, ఆ దోస్తే చెప్పిండట," అన్నాడు సనావుల్లా. "ఎవర్నో ఏసేసి పారిపోయే తయారీ అంటుండు ఆఫీసర్. ఇగ బెయిలు కూడ కష్టమే."

"లోపల ఒక్కణ్ణే ఉంచుతారా? అడుగు."

"నలుగురైదుగురితోని ఉంచుతరట."

"రాత్రిళ్ళు కూడా కాపలా ఉంటదా?"

"కాపలా ఉంటది, కెమెరా ఉంటది. పారిపోతడని భయమా? ఇంత పగ వద్దక్కా. నీ బిడ్డ అయితే ఆయన బిడ్డ కాదా? పోలీసులకు ఫోన్ చేసింది నువ్వే, ఇప్పుడు లోపలికి తోసేదీ నువ్వే!"



పోలీసు వచ్చి అంజిబాబు చెయ్యి పట్టుకున్నాడు. గడప దగ్గర అంజిబాబు ఆగాడు. నెల తర్వాత మొదటిసారి భార్య మొహంలోకి చూశాడు.

"నన్నొదిలేస్తే నీకేం పోయిందే?"

"పెట్టింది తిను మావా," అందామె. అతని చొక్కా మీద అంటిన ఇనుప రజను అరచేత్తో దులిపింది. "నే వస్తూ ఉంటాను."

తిరుగుదారిలో సనావుల్లా కారు కొండ మలుపు దింపాడు. వెనక సీట్లో ఆమె వెక్కుతుంటే ఆపుకోలేక అడిగేశాడు.

"ఏడుస్తున్నవు, మరెందుకు పట్టిచ్చినవు? గింత మెత్తటి మనిషి, ఎవర్ని చంపనీకె కోసిండక్కా దాన్ని?"

చిట్టెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"గొట్టం పొడుగైతే, గుండెకి ఆనించుకున్నోడికి ట్రిగ్గరు అందదు. తనని తనే, తమ్ముడూ."